ముప్పై రెండో ఫోను

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కౌంటరు తెరవాలి, సాయంత్రానికి పర్మనెంటు ఉద్యోగస్తురాలై ఇల్లు చేరాలి. ఫోను కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో ఆమె ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం ఆరోజుతో ముగుస్తుంది. మిగిలింది ఒక్క లాంఛనమే. హెడ్డాఫీసు వాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోను చేసి, ఈమె మీ మనిషేనా అని వాకబు చేస్తారు. ఆ ఇంటికి పెద్దదిక్కు అత్తగారు.

"అత్తయ్యా, ఇవాళ మా ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. ఏమడిగినా అవునని చెప్పండి చాలు. నా ఉద్యోగం మీ నోట్లోనే ఉంది" అంది కోడలు చెప్పులేసుకుంటూ.

ఆపాటి చెప్పలేనా అంటూ అత్తగారు అప్పుడే ఫోను పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ ఒక మాట ఒప్పుకున్నారంటే ఇక అంతే. రోజూ నడవమని డాక్టరు చెప్పాడని జడివానలో గొడుగేసుకుని నడిచిన మనిషి.

ఫైల్లో పెట్టడానికి అత్తగారి గుర్తింపు కార్డు నకలు కూడా కావాలన్నారు. కౌంటరు మీద ఆరోజే వెలసిన కొత్త స్కానర్లో కోడలు ఆ కార్డుని బోర్లా పెట్టి నకలు తీసుకుంది. అంతలో తలుపులు తెరిచారు, జనం తోసుకొచ్చారు. స్కానరు పళ్ళెం అడుగున నల్లటి గాజు, కార్డు వెనకవైపూ నలుపే. కార్డు అక్కడే ఉండిపోయింది.

మునుపు ఒక్కొక్కరికి ఖాతా తెరవాలంటే వివరాలన్నీ చేత్తో ఎక్కించాలి, పావుగంట పట్టేది. ఈ యంత్రం కార్డుని కిందినుంచి చదివి, పదకొండు సెకన్లలో పని ముగిస్తుంది. దాన్ని పట్టుబట్టి తెప్పించింది మేనేజరు. ఆయనకి ఆ పదకొండు పన్నెండు కావడం సుతరామూ ఇష్టం లేదు. తెర చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుందని కంప్యూటరు తెరని గోడవైపు తిప్పించేశాడు. కార్డు పెట్టు, పచ్చ దీపం వెలిగిందా, తరవాతి మనిషిని పిలు, అంతే అన్నాడు. పాత అలవాటు కొద్దీ కోడలు మాత్రం ఆయన కంట పడకుండా ఒక్కొక్కరి వివరాలూ నోటుబుక్కులో గీకుతూనే ఉంది.

ఫారాలూ సంతకాలూ డబ్బు కట్టించుకోవడాలూ కలుపుకున్నా పదకొండున్నరకల్లా ముప్పై ఒక్క ఖాతాలు. మేనేజరు ఒళ్ళు మరిచిపోయి, అద్దాల గదిలో కూర్చుని హెడ్డాఫీసుకి ఉత్తరం మొదలుపెట్టాడు. అప్పుడొచ్చాడు పొద్దున్నే కనెక్షన్ తీసుకున్న లారీ డ్రైవరు.

"నేను ఫోను చేస్తే మా ఆవిడ ఫోన్లో ఎవరో ఆడమనిషి పేరు పడుతోందండీ. అదెవరో చెప్పి ఇంట్లో అడుగు పెట్టమంటోంది. ఎవరండీ ఆవిడ?"

కోడలు తెరని ఇటు తిప్పింది. అత్తగారి ఫొటో. కిందికి జరిపింది. మళ్ళీ అత్తగారే. ముప్పై ఒక్కమంది అత్తగార్లు, కోడలు పొయ్యి మీద పాలు మరిచిపోయి పొంగబెట్టిన రోజు చూసినట్టే చూస్తున్నారు. ఆమె స్కానరు పళ్ళెం తడిమితే అత్తగారి కార్డు దొరికింది; పొద్దుటినుంచీ అందరి కార్డులూ దాని మీదే పెట్టింది. ఖాతా తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు ఆ కార్డుగల మనిషికి ఫోను చేసి, ఈ కనెక్షన్ మీదేనా అని అడుగుతుంది. ముప్పై ఒక్కసార్లు అవునన్నది ఎవరో ఆమెకి తెలుసు.

ఒక మనిషి పేరున అన్ని కనెక్షన్లుంటే పోలీసులకి కబురెళుతుంది. అయితే పన్నెండింటికి అవి ఖరారయ్యే ముందు కంప్యూటరు మరోసారి ఫోను చేసి అడుగుతుంది. అప్పుడు కాదంటే రద్దవుతాయి. కోడలు వెళ్ళి మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కేకలెయ్యబోయాడు. తెర తిప్పించింది ఎవరన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. మీ అత్తగారు కాదంటారా అని మాత్రం నీరసంగా అడిగాడు.

కోడలు ఇంటికి ఫోను కలిపితే నాలుగోసారికి లైను దొరికింది. పొద్దుటినుంచీ స్నానం కూడా చెయ్యలేదనీ, ఒక్క ఫోను వదల్లేదనీ అత్తగారు గర్వంగా చెప్పబోయారు.

"అత్తయ్యా, మాట మారింది. ఇకనుంచి ఎవరు చేసినా, ఏమడిగినా కాదనండి. ఎంత మంచిగా అడిగినా, ఎవరి పేరు చెప్పినా లొంగకండి."

ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. ఒక అత్తగారు మాయమయ్యారు. ఇంకొకరు. పన్నెండుకి రెండు నిమిషాలుందనగా చివరావిడ కూడా వెళ్ళిపోయారు. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. తరవాత నోటుబుక్కు తనే పట్టుకుని పేర్లు చదివాడు, కోడలు చేత్తో ఎక్కించింది. ఇంత ముందుచూపున్న ఉద్యోగిని మరొకరు లేరని ఆమె ఫైలు మీద స్వయంగా రాసి సంతకం పెట్టాడు.

ఆ సంతకం చూశాక గుర్తొచ్చింది కోడలికి. హెడ్డాఫీసు వాకబు ఇంకా కాలేదు. ఇంటికి ఫోను కలిపింది. లైను ఖాళీ లేదు. కంప్యూటరు ఫోన్లు ముప్పై ఒకటీ అయిపోయాయి కదా, మరి అత్తయ్య ఎవరితో మాట్లాడుతున్నట్టు? మళ్ళీ కలిపింది, మళ్ళీ కలిపింది. అంతలో అద్దాల గదిలో ఫోను మోగింది. మేనేజరు ఎత్తి, వింటూ వింటూ ఆమె వైపు జాలిగా చూశాడు. ఇంట్లో ఫోనెత్తినావిడ చిరునామా తప్పన్నారట, మనిషెవరో తెలియదన్నారట. తాత్కాలిక ఉద్యోగమే ఇంకో ఆరు నెలలు పొడిగిస్తున్నామనీ, అప్పుడు మళ్ళీ వాకబు చేస్తామనీ హెడ్డాఫీసు వాళ్ళు తేల్చేశారు.

సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. పొద్దుటి మనిషిలో సగమయ్యారు గానీ, ముఖం వెలిగిపోతోంది.

"అందరికీ కాదనే చెప్పానమ్మా. ఆఖరివాడు మాత్రం మహా టక్కరి. నీ పేరు చెప్పి, మీ కోడలేనా అని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగాడు. నేను పడతానా?"

కోడలికి ఏడుపొచ్చింది. ఆవిడ వడిలిన ముఖం చూసి దాన్ని మింగేసి, కార్డు చేతిలో పెట్టి, ముందు స్నానానికి వెళ్ళమంది. ఆరు నెలల తరవాత మళ్ళీ ఫోనొస్తుందన్న సంగతి మాత్రం చెప్పలేదు.