పేరు తర్వాత వస్తుంది

ఆ సోమవారం పొద్దున టునుకి మూడు పనులున్నాయి. ఏడింటికల్లా కాంగా డిజైను ఫైలు అచ్చు ఏజెంటు కొంబోకి పంపాలి. ఏడున్నరకి దలదలా బస్సు ఎక్కాలి. తొమ్మిదికి కిమారియో మాస్టారు తలుపు గడియ వేసేలోపు డిజైను క్లాసులో కూర్చోవాలి. ఫైలు, బస్సు, క్లాసు మూడూ వరసలోనే ఉన్నాయి. ఆగిందల్లా అత్త దగ్గరే.

"అత్తా, పేరు చెప్పు. ఇవాళ పంపకపోతే అచ్చు వరస తప్పి, సరుకు బక్రీదు దాటాక వస్తుంది."

"ఆగవే. దెబ్బ ఎక్కడ తగలాలో చూసి కొట్టాలి," అంది కిదావా అత్త, మందాజీ బూరెని టీలో ముంచుతూ.

కాంగా అంటే ఆడవాళ్ళు జతగా కొని చుట్టుకునే అచ్చుబట్ట. దానికి మూడు ఉండాలి: చుట్టూ అంచు, నడుమ బొమ్మ, బొమ్మ కింద పేరు. పేరంటే మనిషి పేరు కాదు. ఒక్క వరస మాట. సామెత కావచ్చు, దీవెన కావచ్చు, దెప్పిపొడుపు కావచ్చు. దారెస్సలాములో ఆడవాళ్ళు నోటితో అనలేనిదాన్ని నడుముకి చుట్టుకుని, అనాల్సినవాళ్ళ వాకిట్లోంచి రెండుసార్లు నడిచి వస్తారు. పేరు పదునుగా ఉంటే బొమ్మ వంకరగా ఉన్నా జత అమ్ముడుపోతుంది. పేరు చప్పబడితే ఎంత గొప్ప బొమ్మయినా మసిగుడ్డకే పనికొస్తుంది.

అందుకే అత్త మూడు వారాలుగా పేరు వెతుకుతోంది. తగలాల్సిన చోటు కరియాకూ బజారులో అత్త కాంగాల దుకాణానికి పక్క దుకాణమే. ఆ దుకాణం చౌసికుది. నిరుడు అత్త జీడిపిక్కల డిజైను తెచ్చిన పదో రోజుకే చౌసికు అవే పిక్కలు, అదే వంపు, అర రంగు తేడాతో వేలాడదీసింది.

ఆ మూడు వారాలూ టును కంప్యూటరులో పేరు ఉండాల్సిన ఖాళీలో ఉత్తుత్తి మాట ఒకటి కొట్టి పెట్టుకుంది: "జీనా లిటకూజా బాదాయే." స్వాహిలీలో, పేరు తర్వాత వస్తుంది అని. అంచులు సరిచూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

డిజైను కోర్సులో అది ఆమె ఆఖరి పని. నిజమైన వ్యాపారికి నిజమైన సరుకు గీయాలి, అది అచ్చు కావాలి, బజారులో అమ్ముడుపోవాలి, ఒక జత తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాలి. పాసయితే సర్టిఫికెట్టు. తప్పితే మౌసు పట్టుకోవడం దగ్గర్నించి మళ్ళీ ఆరు నెలలు. అత్త అయితే బేరం ముందే తెంపేసింది: "పాసయితే బొమ్మలు గీసుకో. తప్పితే వచ్చి నా దగ్గర కాంగాలు మడతపెట్టు." టును ఏడో ఏట నుంచీ మడతపెడుతోంది. ఆ పనిలో ఇక నేర్చుకోవాల్సింది ఏమీ లేదని ఆమెకు బాగా తెలుసు.

"రాసుకో," అంది అత్త చివరికి, టీ గ్లాసు ఖాళీ చేసి. "'నా నీడ కొలుస్తూ కూర్చున్నావు, నీ పొద్దు గూకింది.' ఎలా ఉంది?"

"చౌసికు అత్త వారం రోజులు అన్నం తినదు."

"వారమేనా? సరే, పంపు."

టును పేరు మార్చి, సేవ్ చేసి, పంపింది. అయితే కంప్యూటరులో ఆ డిజైనుకి నాలుగు ఫైళ్ళున్నాయి: ఆఖరుది, ఆఖరుది-రెండు, నిజంగా ఆఖరుది, నిజంగా ఆఖరుది-కొత్తది. "ఫైలుకి సరైన పేరు పెట్టనివాడు పిల్లని సంతలో వదిలేసినవాడు" అని కిమారియో మాస్టారు ఆరు నెలలుగా మొత్తుకుంటున్నారు. టును ఆ మాటను అందంగా నోటుపుస్తకంలో రాసుకుంది. ఫైళ్ళకి మాత్రం వర్తింపజేయలేదు. పొద్దున తొందరలో వెళ్ళింది పేరు మార్చిన నిజంగా ఆఖరుది కాదు, ఉత్తుత్తి మాటే ఉన్న ఆఖరుది-రెండు.

అక్కడితో పట్టుబడిపోవాల్సిందే. కొంబో జాగ్రత్తగల మనిషి, ఫోను చేశాడు కూడా. అప్పటికి టును దలదలాలో ఇద్దరి మోచేతుల మధ్య నిలబడి ఉంది. కండక్టరు తలుపు బాదుతున్నాడు.

"అమ్మాయ్, పేరు తర్వాత వస్తుంది, అంతేనా?" అన్నాడు కొంబో.

"కాదండీ, వచ్చేసింది!"

"ఏది వచ్చేసింది?"

"పేరండీ! ఫైల్లోనే ఉంది, చూడండి!"

"చూశానమ్మా. అదే అడుగుతున్నా. పేరు తర్వాత వస్తుంది, అవునా?"

"అయ్యో, తర్వాత కాదండీ బాబూ, ఇప్పుడే! ఎలా ఉందో అలాగే వేసెయ్యండి. మా అత్త మూడు వారాలు ఆలోచించి పెట్టిన పేరది!"

కొంబో ఆ వాక్యాన్ని ఇంకోసారి చదువుకున్నాడు. మూడు వారాలు ఆలోచించింది వృథా పోలేదనుకున్నాడు. మూడు వందల జతలు అలాగే వేయించాడు.

పదో రోజున మూటలు వచ్చాయి. పండక్కి ఇంకా పన్నెండు రోజులుంది. అత్త దుకాణం ముందు స్టూలు వేసుకుని తన చేత్తో మూట కోసి, మొదటి జత దులిపి విప్పింది. అంచు బాగుంది. నడుమ లవంగ మొగ్గలు ఇప్పుడే కోసినట్టున్నాయి. కింద పేరు చదివింది. మళ్ళీ చదివింది. మెల్లగా టును వైపు తిరిగింది.

"ఒసే పిల్లా, ఇది ఎవరి నెత్తిన కొట్టడానికే?"

టును చదివింది. మూట మీద కూలబడింది. అత్త పండగ పెట్టుబడి, తన ఆరు నెలలు, రెండూ ఆ మూటలోనే ఉన్నాయి.

"దాచెయ్ ముందు," అంది అత్త పళ్ళ మధ్య నుంచి. కానీ దాచేలోపే మ్వానహావా వచ్చేసింది. ఆమె ఆ వీధిలో అందరికీ పాత ఖాతాదారు, అందరి సంగతీ ఎరిగిన మనిషి. కాంగా అంచు పట్టుకుని గట్టిగా చదివింది.

"'పేరు తర్వాత వస్తుంది.' అమ్మో! ఎవరి పేరు, కిదావా?"

ఇక్కడ అత్త సంగతి చెప్పాలి. పొరపాటని ఒప్పుకున్న సరుకు ఆ బజారులో సగం ధరకి దిగుతుంది, మర్నాటికి పావుకి. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె కాంగా మీద వేయించిన ఏ మాటా వెనక్కి తీసుకోలేదు. కాబట్టి నిజమూ చెప్పలేదు, అబద్ధమూ ఆడలేదు. పెదవులు బిగించి అంది:

"తర్వాత."

మ్వానహావా చప్పున చుట్టూ చూసింది, గొంతు తగ్గించింది. "నాకు రెండు జతలియ్యి. ఒకటి మా ఆడపడుచుకి. దానికి తెలియాలి."

"ఏం తెలియాలి?" అంది టును.

"దానికి తెలుసులే," అంది మ్వానహావా.

మధ్యాహ్నానికి నలభై జతలు పోయాయి. కొన్నవాళ్ళందరూ ఎవరో ఒకరికి ఏదో తెలియాలనే కొన్నారు. వీధి పొడుగునా ఒక్కటే మాట: కిదావాకి ఏదో గుట్టు తెలిసింది, ఇప్పటికి హెచ్చరిక వేసింది, వచ్చే కాంగా మీద అచ్చంగా పేరే వేస్తుందట. సామెత అయితే అర్థం ఒకటే ఉంటుంది, తగిలేది ఒకరికే. ఇది అలా కాదు. ఎవరి గుండెలో ఎంత ఖాళీ ఉంటే అంతా నింపుకోవచ్చు.

మర్నాడు చౌసికు దుకాణం తెరవలేదు. మూడో రోజు వచ్చి, తన స్టూలు కాకుండా అత్త ముందున్న నేల మీద కూర్చుంది.

"అక్కా, నా పేరు వెయ్యకు."

అత్త మడతపెట్టడం ఆపలేదు. "నీ పేరు ఎందుకు వేస్తాను?"

"నిరుడు నీ జీడిపిక్కలు నేనే ఎత్తుకెళ్ళాను. నీ దుకాణంలో పనివాడికే టీ పోయించి ఫోటో తీయించుకున్నాను. ఇంకా..." చౌసికు తల వంచుకుంది. "మన దుకాణాల మధ్య హద్దు గుంజని నీ వైపుకి జరిపింది కూడా నేనే. రెండడుగులు. నువ్వు ఊరెళ్ళినప్పుడు."

అత్త మొదటిసారి గుంజ వైపు చూసింది. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

"తెలుసు," అంది.

సాయంత్రానికి గుంజ పాత చోటికి వచ్చింది. దాంతోపాటు ఒక పెద్ద గిన్నెడు పిలావు కూడా వచ్చింది. తర్వాత బజారు వరసకి పెద్దమనిషి, చైర్మన్ గారు, దారిలో పోతూ ఆగినట్టు ఆగాడు.

"కిదావమ్మా, ఈ వరసకి వచ్చిన వీధి దీపం పొరపాటున మా బావమరిది వరసకి వెళ్ళింది. పొరపాటున. రేపు వేయిస్తాను. మీరు మాత్రం... కొత్త కాంగా అంటున్నారు..."

"పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి చైర్మన్ గారూ," అంది అత్త, ఓరకంట టునుని చూస్తూ.

అత్త వాటా ఇలా పండింది. టును వాటా ఇంకా బల్ల మీదికి రాలేదు. కిమారియో మాస్టారి దృష్టిలో ఉత్తుత్తి మాట తీయకుండా అచ్చుకి పంపడం కన్నా పెద్ద పాపం లేదు. వేసేది సున్నా. బతిమాలినా అంతే.

పరీక్ష రోజు పొద్దున అత్త సలహా ఇచ్చింది. "తప్పని చెప్పకు. కావాలనే వేశానను. చిరుగుని కిటికీ అని అమ్మగలిగినవాడే వ్యాపారి."

"ఆయన కొనేవాడు కాదత్తా, చూసేవాడు."

"చూసేవాణ్ణే ముందు నమ్మించాలి, తల్లీ."

టును దారంతా ఆ మాటని తూకం వేసింది. అబద్ధం చెప్పడం తేలిక. కాని దాన్ని సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా పాడవకుండా నిలవ ఉంచాలి. పైగా మాస్టారు వెనక్కి తిప్పి అడిగే రకం.

క్లాసులో కిమారియో మాస్టారు తన బల్ల దగ్గర క్యారేజీ తెరిచి, చల్లారిన మొక్కజొన్న ఉగాలి ముద్దని చిక్కుడుగింజల్లో ముంచి భారంగా నములుతున్నారు. ఎప్పుడూ బయట తినేవారు, ఈ మధ్యే మారారు. ఆయన చెయ్యి కడుక్కుని టును కాంగాని విప్పారు. చూశారు. మొహం ఎర్రబడింది.

"ఇది నీదా?"

"అవును మాస్టారూ."

"వారం రోజులుగా మా ఆవిడ ఇదే కట్టుకుని వడ్డిస్తోంది! ఒక్క మాట అడగదు. వడ్డిస్తుంది, అటు తిరుగుతుంది, ఇది చదవాలి నేను. నాలుగో రోజుకి నేనే చెప్పేశాను." వెనక బెంచీల్లో చప్పుడు ఆగిపోయింది. మాస్టారు గొంతు తగ్గించారు కాని, తగ్గిన గొంతే అందరికీ బాగా వినిపించింది. "రెండేళ్ళుగా ఆవిడ క్యారేజీ పిల్లులకి పెట్టి, నేను మూల మీద పూటకూళ్ళావిడ దగ్గర చేపల పులుసు తింటున్నానని. ఇప్పుడు ఖాళీ క్యారేజీ సాయంత్రం మూత తీసి చూపించాలి."

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని అక్షరాల మీదికి వంగారు. ఇంకా వంగారు. తల ఎత్తేసరికి ఆ మొహంలో భర్త లేడు, మాస్టారున్నాడు.

"ఈ అక్షరాలు నువ్వు ఎంచినవి కావు. సాఫ్ట్‌వేరు తనంతట ఇచ్చేవి. ఇది పేరు కాదు. ఖాళీ నింపిన మాట. అవునా?"

కావాలనే వేశాననే మాట టును నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"అవును మాస్టారూ. తప్పు ఫైలు పంపాను. నాలుగు ఫైళ్ళకీ ఆఖరుదనే పేరు పెట్టాను."

మాస్టారు ఎర్ర కలం తీశారు. అంచుకి ఎక్కువ మార్కులే పడ్డాయి. లవంగాలకి ఇంకా ఎక్కువ. అక్షరాల దగ్గర పెద్ద సున్నా చుట్టారు, లోపల ఇంకో సున్నా కూడా చుట్టారు. అమ్మకం దగ్గర ఆగి అడిగారు:

"ఎన్ని పోయాయి?"

"మూడు వందలూ పోయాయండీ. కొంబో గారు ఇంకో మూడు వందలు వేస్తామంటున్నారు. తర్వాతి డిజైను కూడా నన్నే గీయమన్నారు."

ఆయన కలిపారు, కింద నుంచి పైకి మళ్ళీ కలిపారు. పాసుకి యాభై కావాలి. నలభై తొమ్మిది వచ్చాయి. మాస్టారు క్యారేజీ వైపు చూశారు, కాంగా వైపు చూశారు, ఒక మార్కు కలిపారు.

"ఇది నేను వేసింది కాదు," అన్నారు. "మా ఆవిడ వేసింది. సాయంత్రం అడుగుతుంది."

సర్టిఫికెట్లు ఇచ్చే రోజున టును ఆ కాంగానే కట్టుకుని వెళ్ళింది. అత్త, చౌసికు పక్కపక్కనే కూర్చున్నారు. కిమారియో మాస్టారు పావుగంట ప్రసంగించారు: అచ్చుకి పంపేముందు మూడుసార్లు చదవాలి, ఉత్తుత్తి మాట ఒక్కటి మిగిలినా డిజైనరు పరువు పోతుంది, పేర్లు చెప్పను గాని ఇక్కడే ఒకరున్నారు. ఆ తర్వాత తాను స్వయంగా డిజైను చేసి, బంగారు అంచుతో అచ్చు వేయించిన సర్టిఫికెట్లు పంచారు.

పంతొమ్మిది మందీ తీసుకున్నారు. పంతొమ్మిది మందీ చదివారు. పేరు ఉండాల్సిన చోట, బంగారు అక్షరాల్లో, పంతొమ్మిదింటి మీదా ఒకటే ఉంది: "విద్యార్థి పేరు ఇక్కడ."

టును లేచి నిలబడి కాంగా మడత సర్దుకుంది.

"మాస్టారూ, మా పేర్లు..."

కిమారియో మాస్టారు తన చేతిలో మిగిలిన కాగితం చూసుకున్నారు. పైన తిరుగుతున్న ఫ్యాను చూశారు. అచ్చం కిదావా అత్తలాగే పెదవులు బిగించారు.

"తర్వాత వస్తాయి," అన్నారు.

అత్త టును సర్టిఫికెట్టుని అలాగే పటం కట్టించి దుకాణంలో తగిలించింది. అది ఎవరిదని ఆగి అడిగినవాళ్ళలో కాంగా జత కొనకుండా వెళ్ళినవాళ్ళు ఇంతవరకూ లేరు.