పెంచలరాణికి పిన్ను కొట్టిన సంగతి

పెంచలరాణి ప్రసవం సెలవు ముగించుకుని మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు నుంచి, ఆమె బెంచీ మీద తయారైన ప్రతి పవర్ స్టీరింగ్ వాల్వూ తనను బిగించిన కారును ఆమె బిడ్డ ఉన్న దిక్కుకే లాగడం మొదలుపెట్టింది. నాయుడుపేట దగ్గరి ఆ ఫ్యాక్టరీలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. క్వాలిటీ విభాగం వాళ్ళు "దిశాదోషం, తల్లి తరహా" అని నమోదు చేసుకుని, ఆ వాల్వుల పెట్టెలకు ఎర్ర చీటీలు అంటించి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళారు.

రాణి చేసే పని చూడడానికి చిన్నదే. స్టీరింగు తిప్పేటప్పుడు చేతికి బరువు తెలియనివ్వకుండా చేసేది నూనె. ఆ నూనెను ఎడమకు పంపాలా, కుడికి పంపాలా అని చూసుకునేది వాల్వు. రాణి ఒక్కో వాల్వునూ బెంచీ మీద బిగించి, వేడి నూనె వదిలి, దాని ఇరుసును రవ్వంత ఎడమకు, రవ్వంత కుడికి తిప్పుతూ రెండు గేజీల వైపు చూస్తుంది. రెండు ముళ్ళూ ఒకే అంకె దగ్గర నిలిస్తే అదే మధ్య. అక్కడే డ్రిల్లుతో కన్నం పెట్టి పిన్ను దిగ్గొట్టాలి. దిగిన పిన్నును ఇక ఎవరూ తియ్యరు. మధ్య తప్పిందా, ఆ వాల్వు తుక్కులోకే.

రాణి వాల్వులు బెంచీ మీద తప్పలేదు. ముళ్ళు రెండూ బుద్ధిగా సమానంగానే నిలిచేవి. గేటు దాటి కారెక్కాకే వాటికి ఇల్లు గుర్తొచ్చేది. చెన్నైలో అమ్మిన కార్లు ఉత్తరానికి లాగాయి. నెల్లూరులో అమ్మినవి దక్షిణానికి లాగాయి. క్వాలిటీ వాళ్ళు మ్యాపు మీద గీతలు గీస్తే అవన్నీ నాయుడుపేట రైలు గేటు అవతల, పచ్చ తలుపున్న ఒక ఇంటి మీద కలిశాయి. నిర్ధారణ కోసం టెస్టు డ్రైవరు క్వాలిటీ వాళ్ళను ఒక కారులో ఎక్కించుకుని స్టీరింగు మీంచి చేతులు వదిలేశాడు. కారు నెమ్మదిగా రైలు గేటు దాటి, సందులోకి తిరిగి, ఆరేసిన లంగోటీల కింద ఆగింది.

రాణి అత్త బయటికొచ్చింది.

"ఎవురబ్బయ్యా మీరు? మా హరిబాబు ఇంట్లో లేడే. ఆటో తీసుకోని పొయ్యాడు."

"హరిబాబు కోసం కాదమ్మా. కారే వచ్చింది."

"అట్నా. నిన్న కూడా ఒకటి వచ్చి పోయింది. రాండి, కాఫీ తాగి పోదురు."

వాళ్ళు కాఫీ తాగి, చాప మీద పడుకోబెట్టిన రాణి బిడ్డ హన్వికను పరిశీలించారు. అటూ ఇటూ తిప్పి చూశారు. పిల్లలో తయారీ లోపమేమీ లేదనీ, బరువు మాత్రం కొంచెం తక్కువగా ఉందనీ రిపోర్టు రాశారు. ఆ రిపోర్టును పద్ధతి ప్రకారం రాణికి చదివి వినిపించారు. బరువు తక్కువ అన్న మాట విన్న తర్వాత ఆమె బిగించిన వాల్వులు అంతకుముందు వాటికంటే రెట్టింపు లాగాయి. ఇకమీదట రిపోర్టులు షిఫ్టు అయ్యాకే చదవాలని సర్క్యులర్ వచ్చింది.

లైను సూపర్‌వైజరు దేవసహాయం మంచి మనిషి. కేకలు వెయ్యడు. రాణిని పక్కకు పిలిచి స్టూలు చూపించాడు.

"ఏందమ్మా రాణీ, నీ వాల్వులు నీ మాట వింటుండాయి గానీ నా మాట వినడం లేదే."

"నేను వాటికేం చెప్పడం లేదు సార్."

"పిన్ను కొట్టేటప్పుడు ఏం తలుచుకుంటుండావు?"

"పెద్దగా ఏం లేదు సార్. మా అత్త ఉగ్గు వేడిగా పెట్టేసిందేమో అని. నిద్రపోయేటప్పుడు దుప్పటి మొహం మీదికి లాక్కుంటాది, అత్త చూస్తా ఉందో లేదో అని. అంతే."

"అదేనమ్మా నూనెలో కలస్తా ఉండేది."

నెలాఖరులోగా వాల్వులు ఎటూ లాగకుండా రాకపోతే బెంచీ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని అతను చెప్పాడు. చెబుతూ తలొంచుకున్నాడు. రాణి భర్త హరిబాబు ఆటో బడులున్న రోజుల్లోనే తిరుగుతుంది. పాలడబ్బా మాత్రం సెలవుల్లో కూడా అయిపోతుంది. ఆ డబ్బా వచ్చేది రాణి బెంచీ నుంచే. బెంచీ పోతే పిల్లకు పాలుండవు, బెంచీ ఉంటే పిల్లకు తానుండదు. ఈ రెండు సంగతులూ రాణికి బాగా తెలుసు. ఇంకాస్త గడువు ఇచ్చినందుకు ఆమె దేవసహాయానికి దణ్ణం పెట్టింది.

ముందుగా ఒక ప్రయోగం చేశారు. అత్తను, పిల్లను పిలిపించి బెంచీ పక్కనే అట్టపెట్టెలో గుడ్డలు పరిచి పడుకోబెట్టారు. ఆ రోజు రాణి చేసిన వాల్వులు చెన్నైలోనూ లాగలేదు, నెల్లూరులోనూ లాగలేదు. కార్లు తాడు పట్టినట్టు తిన్నగా పోయాయి. పిల్ల ఒక్కసారి ఏడ్చింది, రాణి వంగి వీపు తట్టింది, మళ్ళీ పిన్ను కొట్టింది. ఇంత మంచి ఫలితం ఆ ఫ్యాక్టరీ పుట్టాక రాలేదని క్వాలిటీ విభాగం ఒప్పుకుంది.

హెచ్ఆర్ అపర్ణ మేడం కూడా సంతోషించింది. కానీ యంత్రాల షెడ్డులోకి అడుగుపెట్టే ప్రతి మనిషికీ సేఫ్టీ బూట్లు ఉండాలన్నది నిబంధన. కొనుగోలు విభాగం మూడు రాష్ట్రాల్లో వాకబు చేసింది. హన్విక కాలికి సరిపోయే స్టీలు ముక్కు బూట్లు ఎక్కడా తయారు కావడం లేదు. శిశు సంరక్షణ గది ఒకటి ఫ్యాక్టరీలో లేకపోలేదు. తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి అందులో ఉయ్యాల ఉంది, ఉయ్యాలలో ప్లాస్టిక్ బొమ్మ ఉంది. ఆ బొమ్మ రిజిస్టరులో ఎక్కి ఉన్నందువల్ల గది ఖాళీ లేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. వాల్వును మధ్యకు తేవడం కాదు, రాణినే మధ్యకు తేవాలి.

ఈ వార్త విని పక్క బెంచీ షాహీనా నవ్వింది. ఆమెకు అప్పుడు ఏడో నెల. "నిన్నే బెంచీ ఎక్కిస్తారంట గదామే. పిన్ను స్టీలుదే వెయ్యమని గట్టిగా అడుగు. నోరు తెరవకపోతే ఇత్తడిది కొట్టేస్తారు, చెమటకు పచ్చబడతాది."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడ్చేదానికి టీ టైము అయిపోయిందిమే. అయినా మధ్యలో పడితే నీకూ హాయిగదా. అటూ లాగదు, ఇటూ లాగదు."

ఆ మాటే రాణి బెంచీ ఎక్కేటప్పుడు దేవసహాయాన్ని అడిగింది. హాయిగా ఉంటుందా సార్ అని. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "మధ్య అంటే ఒత్తిడి లేని చోటు కాదమ్మా. రెండు పక్కలా ఒకటే ఒత్తిడి ఉండే చోటు" అన్నాడు.

మెత్తటి గుడ్డ చుట్టి నడుము దగ్గర బిగించారు. వేడి నూనెకు బదులు వేడి టీ ఇచ్చారు. ఎడమ గేజీ పిల్లది, కుడి గేజీ ఉద్యోగానిది. ఎడమ ముల్లు చివరిదాకా వెళ్ళి వణుకుతూ నిలబడింది. కుడి ముల్లు లేచీ లేవనట్టుంది. ముందు ఎడమ పక్క తగ్గించాలని చూశారు. ఆమె ఫోను తీసి లాకర్లో పెట్టారు. ముల్లు ఇంకా పైకి పోయింది. పిల్లను మరిచిపొమ్మని మర్యాదగా కోరారు. రవిక తడిసింది తప్ప ముల్లు దిగలేదు.

"ఎడమ పక్క తగ్గదు మేడం" అన్నాడు దేవసహాయం. "కుడి పక్క పెంచుకోవాల్సిందే."

అపర్ణ మేడం దగ్గరకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. గొంతు పెంచలేదు. కాంట్రాక్టు సంగతి గుర్తు చేసింది. ముల్లు కాస్త లేచింది. కిటికీలోంచి గేటు బయట పనికోసం నిలబడిన ఆడపిల్లల్ని చూడమంది. ఇంకాస్త లేచింది. ఇంటద్దె ఎవరు కడుతున్నారని అడిగింది. పిల్లను రేపు ఏ బడిలో వెయ్యాలనుకుంటున్నావని అడిగింది. రాణి ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. ఆ ప్రశ్నకు కుడి ముల్లు ఒక్క గెంతున పోయి ఎడమ ముల్లుకు సమానంగా నిలిచింది. రెండూ చివరి అంకె మీద, కదలకుండా.

"ఊపిరి పట్టుకో తల్లీ" అన్నాడు దేవసహాయం. ఎడమ భుజం కింద డ్రిల్లు పెట్టాడు. పిన్ను స్టీలుదే.

"నొప్పిగా ఉందా?"

"లేదు సార్. పిల్లకు టీకా వేయించినప్పుడు నాకు ఇంతకంటే ఎక్కువ నొప్పి తెలిసింది."

అది రాణి వాల్వులు పిల్ల వైపు లాగిన ఆఖరి రోజు. మర్నాటి నుంచి ఆమె చేసినవన్నీ తిన్నగా పోయాయి. బెంచీ నిలబడింది. రాణి అందరికీ పాలకోవా పంచింది. అపర్ణ మేడానికి రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది.

ఇంట్లో కూడా పెద్ద ఇబ్బంది రాలేదు. పిన్ను పడ్డ మనిషి తనంతట తాను ఎడమకో కుడికో తిరగలేదు, అంతే. ఎవరైనా తిప్పితే మాత్రం తేలిగ్గా తిరుగుతుంది. పవర్ స్టీరింగ్ గుణమే అది. పిల్ల ఏడిస్తే అత్త వచ్చి రాణి భుజం మీద ఒక వేలు ఆనించి ఉయ్యాల వైపు తిప్పేది. అన్నం పొంగుతుంటే మళ్ళీ పొయ్యి వైపు తిప్పేది. "ముందు మా కోడలికి ఏదన్నా చెప్పాలంటే బండరాయి జరిపినట్టుండేది. ఇప్పుడు చిటికెన వేలు చాలు. ఆ కంపెనీ వాళ్ళు చల్లగా ఉండాల" అని అత్త సందంతా చెప్పుకుంది. రాత్రి పడుకోబోయే ముందు హరిబాబు ఆమెను పిల్ల వైపు తిప్పి పెట్టేవాడు. ఒక్కోసారి మరిచిపోయేవాడు. అప్పుడు రాణి గోడను చూస్తూ పిల్ల ఊపిరి వినేది. వినబడుతున్నందుకు సంతోషించేది.

సంవత్సరం తిరిగేసరికి ప్రసవం సెలవు ముగిసి వచ్చే ఆడవాళ్ళందరికీ చేరే రోజే పిన్ను కొట్టడం పద్ధతి అయింది. షాహీనాకూ కొట్టారు. కొడుకు ఫర్హాన్‌ను తన తల్లి దగ్గర వదిలి వచ్చి బెంచీ ఎక్కింది. దిగాక ఇత్తడి జోకు మళ్ళీ వెయ్యబోయి, రాణి వైపు తిరగలేక గోడకే చెప్పింది. రాణి గోడ చూస్తూనే నవ్వింది.

కంపెనీ బస్సు ప్రొద్దున్నే రైలు గేటు దగ్గర వాళ్ళను ఎక్కించుకుంటుంది. ఎక్కిన వాళ్ళంతా ఎదురుగానే చూస్తూ కూర్చుంటారు. వెనక వీధిలో పిల్లలు ఏడ్చినా ఎవరి మెడా కదలదు. అయితే హైవే ఎక్కే ముందు రోడ్డు ఒకచోట వంపు తిరుగుతుంది. బస్సు ఆ వంపులో తిరిగేటప్పుడు అందులోని చూపులన్నీ కూడా కాసేపు రోడ్డు పక్కకు తిరుగుతాయి. ఈ సంగతి మొదట కనిపెట్టింది రాణి అత్తే. పిల్లను చంకనేసుకుని వచ్చి వంపు దగ్గర నిలబడింది. తర్వాత షాహీనా వాళ్ళ అమ్మ వచ్చింది. ఇప్పుడు అక్కడ అమ్మమ్మలు, నాయనమ్మలు పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడతారు. వాన పడితే గొడుగులు పడతారు. కంపెనీ పెద్ద మనసుతో అక్కడ పసుపు గీత గీయించింది. రోడ్డును తిన్నగా వెయ్యకుండా వదిలినందుకు ఆడవాళ్ళంతా సంతకాలు చేసి రోడ్ల శాఖకు ధన్యవాదాలు పంపారు.

వంపు చిన్నది. బస్సు ఆగదు. ఎవరి సీటు ఎదురుగా ఎవరి పిల్ల వస్తుందో చెప్పలేం. ఎవరు కనబడితే వాళ్ళనే చూసుకోవాలి.

మొన్న హన్వికకు రాత్రంతా జ్వరం. ప్రొద్దునకు రాణిలో ఎడమ పక్క ఒత్తిడి బాగా పెరిగింది. సెలవు పెడితే బెంచీ ఉంటుందో లేదో అన్న భయానికి కుడి పక్కా అంతే పెరిగింది. రెండూ సమానమైనందువల్ల ఆమె తిన్నగా నడిచి బస్సెక్కింది. వంపు దగ్గర డ్రైవరు స్టీరింగును ఒక్క చేత్తో తేలిగ్గా తిప్పాడు. రాణి ఎదురుగా కాటుక బొట్టుతో ఒక పిల్లాడు వచ్చాడు, చెయ్యి ఊపాడు, పోయాడు. బస్సు హైవే ఎక్కింది.

"నాకు మీవాడు పడ్డాడు షాహీనా" అంది రాణి, ముందు సీటు వీపుకేసి చూస్తూ. "పన్ను వచ్చినట్టుంది. కింద పన్ను."

"వచ్చిందా! నిజంగా చూసినావామే?" షాహీనా కూడా ముందుకే చూస్తూ అంది. "నాకు మీ పిల్ల పడింది."

రాణి రెండు చేతులతో ముందు సీటు కడ్డీ పట్టుకుంది. "ఎట్టా ఉండాది?"

"మీ అత్త భుజం మీద తలపెట్టుకోని ఉండాది. కళ్ళు తెరిచే ఉండాది. నన్ను చూసి నవ్విందిమే."

"నవ్విందా?"

"ఆ. నన్నే నువ్వనుకున్నట్టుంది."

"మంచిదే" అంది రాణి. కడ్డీ వదిలి, "చానా థ్యాంక్స్ మే" అంది.