రత్నకుమారి మాట నేర్పిన పిల్లవాడు

ఇల్లు దాటే సంచి ఏది సర్దుతున్నా రత్నకుమారికి గుండె దడగానే ఉండేది. భర్త సర్వే పనికి పట్టుకెళ్ళే పెట్టె కావచ్చు, కూరలకు వెళ్ళే గుడ్డసంచి కావచ్చు, వెళ్ళినవాళ్ళు అటునుంచి అటే పోతారేమోనని ఆవిడ భయం. అందుకే ఆ పొద్దున గంట, దువ్వెన, అద్దం, సబ్బు, చెంచా, గుడ్డబొమ్మ సంచిలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళడానికి ఇంత హడావుడా? ఆ చెంచా ఎందుకోయ్, దారిలో వంట చేస్తావా?" అన్నాడు ఉమామహేశ్వర్. భూమి అడుగున మైళ్ళ లోతులో ఏముందో కొలిచే ఆఫీసులో ఆయన ఉద్యోగం. వంటింట్లో పంచదార డబ్బా ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ తెలియదు.

"పిల్లాడికి మాట నేర్పడానికండీ. వస్తువు చేతికిచ్చి పేరు చెప్పాలి."

"మాటలు నేర్పడానికి సంచి దేనికి? నువ్వు వెళ్తే చాలదూ!"

అది 1989 జనవరి. మాట రాని పసిపిల్లలకూ, ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పసిపిల్లలకూ పాఠం చెప్పే టీచర్లను తయారు చేయడానికి ఉప్పల్‌లో ఒక చిన్న బడివాళ్ళు శిక్షణ పెట్టారు. పిల్లలు పెద్దవాళ్ళయిపోయి ఇల్లు బోసిపోయిన రత్నకుమారి అందులో చేరింది. నాచారం ఫ్యాక్టరీల వెనక బస్తీల్లో పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, గుమ్మం దాటితే ఉర్దూ వింటారు. కాబట్టి ప్రతి మాటా రెండు భాషల్లోనూ చెప్పాలి. ఒక్కో టీచరుకు ఒక్కో పిల్లవాణ్ణి అప్పగించారు. ఇంటికెళ్ళి మూడు నెలలు ఆడించి, నేర్పి, వాణ్ణి బడికి సిద్ధం చేయాలి. సిద్ధమైన పిల్లలకే జూన్‌లో సీటు. తప్పిపోతే మళ్ళీ ఏడాదికి వయసు దాటిపోతుంది.

రత్నకుమారికి వచ్చినవాడు కొమురెల్లి అనే కార్మికుడి కొడుకు. నాలుగేళ్ళు నిండాయి, ఒక్క మాటా రాలేదు.

శిక్షణ ఇచ్చే చిదంబరం గారికి ఒక పట్టింపు ఉండేది. "తల్లి ముందు ఆ మాట ఎత్తకూడదమ్మా. మీవాడికి మాట రాదటగా, మందబుద్ధి అటగా అని అడక్కండి. అవి వినీ వినీ ఆ తల్లి చెవులు తూట్లు పడి ఉంటాయి. వెళ్ళండి, కూర్చోండి, ఆడించండి. నెమ్మదిగా చెప్పండి, చెప్పిందే చెప్పండి. చెప్పాక నోరు తెరిచి, పిల్లాడి ముఖంలోకి చూస్తూ ఆగండి."

రత్నకుమారి ఆ మాటలు తు.చ. తప్పకుండా పాటించింది. కొంప మునిగింది అక్కడే.

నాచారంలో బస్సు దిగి చాయ్ బండి దగ్గర అడిగింది. "కొమురెల్లి గారి ఇల్లు ఎక్కడండీ? ఫ్యాక్టరీలో చేస్తారు. నాలుగేళ్ళ బాబున్నాడు."

"ఆ నీళ్ళ ట్యాంకు పక్కపొంటి పోవమ్మా. నీలం తలుపు," అన్నాడు చాయ్ అతను, గ్లాసులు కడుగుతూనే.

నీలం తలుపు తీసిన మల్లవ్వ పట్టుచీర ఒక్కటే తక్కువగా, పెళ్ళిపెద్దలా ఉన్న ఈ కొత్త మనిషిని ఎగాదిగా చూసింది. "ఎవలు గావాలె అమ్మా?"

"బాబుతో కాసేపు ఆడుకుని వెళ్తానండి," అంది రత్నకుమారి, గురువు గారు చెప్పినంత మెత్తగా.

మల్లవ్వ మరేదో అడగబోయి ఆగింది. లోపలినుంచి అత్త వెంకటనర్సమ్మ తొంగి చూసి, "రానియ్యి, రానియ్యి, కూసోనియ్యి," అంది. చాప వేశారు. చాయ్ ఇచ్చారు. ఎందుకొచ్చావని వాళ్ళు అడగలేదు, ఎందుకొచ్చానో ఈవిడ చెప్పలేదు.

పిల్లవాడి పేరు పాండురంగ. గుడ్లప్పగించి చూస్తున్నాడు. రత్నకుమారి చెంచా తీసి వాడి ముఖం ముందు పెట్టి, "చెం...చా. చెం...చా. చమ్...చా," అని, నోరు తెరిచి ఆగింది. పాండు కూడా నోరు తెరిచాడు. అంతే. మాట లేదు.

'పాపం, ఎంత కష్టమో తండ్రీ నీకు,' అనుకుని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలో మల్లవ్వా కళ్ళు తుడుచుకుంది. తల్లి మనసు కదా, అనుకుంది రత్నకుమారి.

వారం తిరిగేసరికి పాండు "పానీ" అన్నాడు. రత్నకుమారి వాణ్ణి వాటేసుకుని ఏడ్చింది. మర్నాడు చెంచా వాడే లాక్కుని, "నువ్వు చెప్పు. చెంచా. ఇప్పుడు చమ్చా అను. గట్ల గాదు, ఇట్ల!" అన్నాడు. వారంలో వాక్యాలు! ఆవిడ పరుగున వెళ్ళి చిదంబరం గారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, శిక్షణకు వచ్చిన మిగతా అందరితో, "చూశారా? శ్రద్ధ అంటే ఇదీ," అన్నారు. ఆవిడ తల వంచుకుంది గానీ, లోపల పొంగిపోయింది.

తర్వాత ఒకరోజు సందు మొదట్లోనే వినపడింది. గోలీలాటలో ఎవడో తొండి చేశాడట, పాండు ఉర్దూలో గుక్క తిప్పుకోకుండా తిడుతున్నాడు. రత్నకుమారికి అందులో సగం అర్థం కాలేదు. 'నేను నేర్పని మాటలు కూడా పట్టేశాడే!' అని మురిసిపోయింది. ఇంకోరోజు వెంకటనర్సమ్మ ఆవిడ మణికట్టుకు తాయెత్తు కట్టి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, అంత మంచిగైతది," అంది. మనవడికి మాట వచ్చిందన్న కృతజ్ఞత కాబోలనుకుని రత్నకుమారి ఆ ముసలావిడ కాళ్ళకు దండం పెట్టబోయింది.

"ఇంట్లో కూడా చెంచా చేతికిచ్చి ఆగిపోతున్నావేమిటి? అందులో పెరుగు వేస్తేగా అన్నం తినేది!" అన్నాడు ఉమామహేశ్వర్ ఒక రాత్రి. ఆ మాటకు కూడా ఆవిడకు కోపం రాలేదు. అంత సంతోషంగా ఉంది.

ఉగాది వెళ్ళాక పరీక్షాపాఠం పెట్టారు. ఢిల్లీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. హాలు నిండా టీచర్లు. మూడు నెలల కింద ఒక్క మాటా లేని పిల్లవాడంటూ చిదంబరం గారు పాండును ముందుకు తెచ్చారు. రత్నకుమారి చెంచా చూపించకముందే వాడు సంచి బోర్లించి, అన్నింటి పేర్లూ రెండు భాషల్లో అప్పజెప్పి, ఢిల్లీ ఆవిడ చేతిగడియారం చూపించి, "ఘడీ! జర ఇయ్యవా?" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

చిదంబరం గారికి ఉత్సాహం ఆగలేదు. వెనక బెంచీ మీదున్న మల్లవ్వను పిలిచారు. "అమ్మా, మీ నోటితో చెప్పండి. మీవాడికి మాటలు ఎప్పుడు మొదలయ్యాయి?"

"ఎప్పుడు మొదలైనయ్ ఏంది సారూ? వానికి ఏడాది నిండకముందే వచ్చినయ్. నోరు మూయించుడే మాకు తిప్పల."

చిదంబరం గారు గొంతు సవరించుకున్నారు. "మరి... ఈవిడ రోజూ మీ ఇంటికి ఎందుకు వస్తోందనుకున్నారు?"

మల్లవ్వ రత్నకుమారి వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఆమె ముంగట ఎట్ల జెప్పాలె సారూ? మనసు నొప్పిస్తదని మేం ఎన్నడు అనలే."

"పర్వాలేదు, చెప్పండి."

"పాపం, పెద్దింటి ఆమె. పానం బాగలేక మాటలు మరిసిందనుకున్నం. ఒక్క చెంచా పట్టుకొని చెంచా, చెంచా అనుడు, నోరు తెరుసుకొని సూసుడు. మా అత్త అన్నది, 'ఆమెను ఏమడగొద్దు, పిల్లగానితోని కూసోనియ్యి, మాటలు కలిస్తే జర మంచిగైతది' అని. మా పాండుగాడే నేర్పిండు సారూ, తెలుగు, ఉర్దూ రెండూ. ఇప్పుడు సూడుండ్రి, ఎంత సక్కగ మాట్లాడుతున్నదో!" అని రత్నకుమారి వీపు నిమిరింది.

తెలుగు రాని ఢిల్లీ ఆవిడ ఆ తల్లి ఏమంటోందని అడిగింది. జీవితంలో అబద్ధమాడని చిదంబరం గారు నీళ్ళు నమిలి, "చాలా మార్పు కనిపించిందంటున్నారు," అని ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ మళ్ళీ చప్పట్లు కొట్టింది. రత్నకుమారికి నేల చీలితే బాగుండుననిపించింది. భూమి లోతు తెలిసిన మొగుడున్నా ఆ పూట ఏ ఉపకారమూ లేకపోయింది.

మల్లవ్వ తప్ప అందరూ వెళ్ళిపోయాక చిదంబరం గారు మెల్లగా అడిగారు. "మరి మన పిల్లాడెక్కడమ్మా?"

అప్పటిదాకా తన పరువు గురించి ఏడుస్తున్న రత్నకుమారి ఏడుపు టక్కున ఆగిపోయింది.

మాట రాని కొమురెల్లి కొడుకు కోసం వచ్చానని ఆవిడ చెబితే, జవాబు మల్లవ్వే చెప్పింది. "ఇంకో కొమురెల్లి ఉండె గదా, సీసాల కంపెనీల. మా సందుల కొమురెల్లిలు శానమంది. మా దిక్కు కొమురెల్లి మల్లన్న మొక్కుకు పుట్టినోళ్ళందరికి అదే పేరు. ఆయన కొడుకు ఐలేశ్‌కు మాటలు రాకపోతుండె."

ముగ్గురూ ఆ సాయంత్రమే నాచారం వెళ్ళారు. ఆ ఇల్లు నీలం తలుపుకు ఇవతలే ఉంది. మూడు నెలలుగా రత్నకుమారి రోజూ దాన్ని దాటుకునే వెళ్ళింది. తాళం వేసి ఉంది.

"ఐలేశ్ వాళ్ళమ్మ సారలమ్మ రోజూ పిల్లగాని మొకం గడిగి, ఉతికిన అంగీ తొడిగి, గడపల కూసునేది," అంది మల్లవ్వ. "ఏందే అంటే, 'టీచరమ్మ వస్తదని బడోళ్ళు జెప్పిన్రు' అనేది. నువ్వు ముంగటికెల్లి పోతుంటె లేచి నిలవడేది."

"మరి పిలవలేదేం?" అంది రత్నకుమారి.

"నువ్వు మా ఇంటికొచ్చే సుట్టానివి అనుకున్నది. సుట్టాన్ని ఎట్ల పిలుస్తది?"

సీసాల కంపెనీ మూతపడి, బొంబాయి దగ్గర భివండీలో మగ్గాల పని దొరికితే వెళ్ళిపోయారట. రత్నకుమారి వేసవి అంతా ఆ సందుకు వెళ్ళి, కనపడ్డవాళ్ళనల్లా అడిగి, అడిగిన ప్రతిసారీ ఎందుకో చెప్పలేక తల దించుకుని వచ్చింది. భివండీలో ఏ పేట అన్నది ఎవరికీ తెలియదు.

రత్నకుమారిని ఆ శిక్షణలో ప్రథమ శ్రేణిలో పాస్ చేశారు. సారలమ్మ, కొమురెల్లి, ఐలేశ్ 1989 హోలీ మర్నాడు నాచారం విడిచి వెళ్ళారు, మళ్ళీ రాలేదు.