గుంత మీద తలుపు

ప్రజల సౌకర్యం నిమిత్తం ఆ వీధిని అడ్డంగా తవ్వేశారు.

ఏ సౌకర్యమో తవ్వినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఒక పొద్దున పలుగూ పారా పట్టుకొని వచ్చారు, మనిషి లోతున గుంత తీశారు, మట్టిని రెండు పక్కలా గుట్టలు పోశారు, ‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అని ఒక రేకు బోర్డు పాతి వెళ్ళిపోయారు. వీధి రెండు ముక్కలైంది. ఇవతలి ముక్కలో కొన్ని ఇళ్ళూ, టైలరమ్మ కొట్టూ మిగిలాయి. అవతలి ముక్కలో బజారూ, బస్సులూ, టైలరమ్మకు బట్టలిచ్చే జనమూ ఉండిపోయారు.

టైలరమ్మ ప్రభుత్వమంటే గౌరవం ఉన్న మనిషి. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది తనూ, కాజాలు కుట్టి గుండీలు వేసిపెట్టే అత్తగారూ. కొట్టు నడిస్తేనే పొయ్యి వెలిగేది. గుంత పడ్డాక గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. కుట్టిన జాకెట్లు హేంగర్లకు వేలాడుతూ వీధివైపు దిగులుగా చూస్తుండేవి.

ఆవిడ ఊరంతా చుట్టి ఆఫీసుకు వెళ్ళి చెప్పుకుంది. “గుంత పురోగతిలో ఉంది” అన్నారు. మళ్ళీ వెళ్ళింది. “గుంత పరిశీలనలో ఉంది” అన్నారు. ఆ తర్వాత వెళ్ళేసరికి గుంత వేరే శాఖకు బదిలీ అయిపోయింది. ఇంటికొచ్చి చూస్తే మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ సాయంత్రం, పెళ్ళిబట్టలు కుట్టడానికిచ్చిన ఆవిడ అవతలి ఒడ్డున నిలబడి కేకేసింది.

“టైలరమ్మా! ముహూర్తం దగ్గరికొచ్చేసింది. నా బట్టలు ఇటు విసిరెయ్యి, ఇంకోచోట కుట్టించుకుంటా!”

టైలరమ్మ లోపలికెళ్ళి మిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది.

“ఏం చేస్తున్నావే?” అంది అత్తగారు.

“మీ గది తలుపు విప్పుతున్నా అత్తయ్యా.”

“నా గది తలుపే దొరికిందా? నీ గదికి లేదూ?”

“నాది చెద పట్టింది. మీదైతే అచ్చమైన టేకు.”

టేకు అన్న మాటకు అత్తగారు కాస్త మెత్తబడింది. అత్తాకోడళ్ళిద్దరూ చెరో కొసా పట్టుకొని, రొప్పుతూ ఈడ్చుకెళ్ళి, తలుపును గుంత మీద పడుకోబెట్టారు. పెళ్ళివారావిడ ముందు ఒక కాలు వేసి చూసింది, తర్వాత రెండోది వేసింది, ఇవతలికి వచ్చేసింది. ఆవిడ వెనక పాలవాడు, వాడి వెనక డ్రాయింగు మాష్టారు, ఆయన వెనక వీధి వీధంతా.

పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. ఎవరూ ప్రారంభోత్సవం చేయకుండానే జనం నడవడం మొదలుపెట్టారు.

ఇంత ఘోరాన్ని ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా? ఇంజనీరుగారు హుటాహుటిన వచ్చారు. తలుపు మీదుగా నడిచి ఇవతలికి వచ్చి, తలుపును చూసి నిర్ఘాంతపోయారు.

“ఇది తలుపా, వంతెనా?”

“తలుపే సార్” అంది టైలరమ్మ.

“తలుపైతే గుమ్మానికి ఉండాలి. గుమ్మం లేని తలుపు తెరిచి ఉన్నట్టా, మూసి ఉన్నట్టా?”

“గడియ పెడితే మూసినట్టు బాబూ” అంది అత్తగారు సాయం చేద్దామని.

ఇంజనీరుగారు వంగి చూశారు. నిజంగానే గడియ ఉంది. ఆయన ముఖం ఇంకా గంభీరమైపోయింది. “వంతెనకు గడియ ఉండటం ఏ నిబంధనల్లోనూ లేదమ్మా. ఇది చాలా దూరం వెళ్తుంది” అని చెప్పి, తలుపు మీదుగానే వెనక్కి వెళ్ళిపోయారు.

దూరమే వెళ్ళింది. బజారులో బహిరంగసభ పెట్టారు. సభకు వీధి జనమంతా తలుపు దాటుకొని వెళ్ళారు. వార్డు సభ్యుడు మైకు అందుకున్నాడు.

“సోదర సోదరీమణులారా! ఈ సోదరి చొరవను నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అభినందిస్తూనే తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇవాళ ఒకావిడ తన దారి తాను చూసుకుంది. రేపు మీరందరూ ఎవరి గుంత వాళ్ళే దాటేస్తే, మిమ్మల్ని దాటించడానికే జీవితాలను అంకితం చేసిన మేం ఏమైపోవాలి? ఆ గుంత ఎవరిది? ప్రజలది! ప్రజల గుంత మీద ఒక కుటుంబం సొంత తలుపు వేసుకోవడం ప్రజాస్వామ్యమా?”

కాదు, కాదు అంటూ చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది పెళ్ళివారావిడ. ఆవిడ ఒంటి మీదున్నది టైలరమ్మ కుట్టిన జాకెట్టే. చంకల దగ్గర ఎక్కడా పట్టకుండా చెయ్యి హాయిగా లేస్తోంది. అందరూ కొడుతుంటే తనొక్కతీ ఊరుకుంటే బాగుండదని టైలరమ్మ కూడా రెండు చప్పట్లు కొట్టింది. కొట్టాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో దాచుకుంది.

అసలు వంతెన వచ్చేదాకా తలుపును క్రమబద్ధీకరించారు. కాపలాకు ఒక మనిషిని వేశారు. పొద్దున బజారుకు పోవడమే, సాయంత్రం తిరిగి రావడమే. లావుపాటి వాళ్ళు తాము లావని ముందుగా ఒప్పుకోవాలి. జనం ఒప్పుకున్నారు. వరసలో నిలబడటం వల్ల వీధికి ఒక పద్ధతి వచ్చిందని డ్రాయింగు మాష్టారు మెచ్చుకున్నారు కూడా. పొద్దున్నే వచ్చి జాకెట్టు కొలతలిచ్చి వెళ్దామనుకునేవాళ్ళు మాత్రం సాయంత్రందాకా అవతలే ఆగాల్సి వచ్చేది. ఆగలేనివాళ్ళు వేరే టైలర్ని చూసుకున్నారు.

తర్వాత బలపరీక్ష నిమిత్తం తలుపును స్వాధీనం చేసుకున్నారు. దాని మీద ఇసుక బస్తాలు పేర్చుకుంటూ పోయారు. విరగలేదు. ఇంకా పేర్చారు. విరగలేదు. చివరికి రోడ్డు రోలరు తెచ్చి ఎక్కించారు. ఈసారి విరిగింది. ‘సదరు తలుపు విరిగే స్వభావం కలది’ అని నివేదిక ఇచ్చి, ఇంత ప్రమాదంలోంచి ప్రజలను కాపాడినందుకు ఇంజనీరుగారిని సన్మానించారు.

ముక్కలు తిరిగిచ్చారు. అత్తగారు వాటిని తడిమి చూసుకుంది.

“మీ మామగారు తాగొచ్చి తన్నినప్పుడు కూడా చెక్కు చెదరలేదే ఇది” అంది. తలుపు పోయిన గదికి పాత దుప్పటి కట్టుకొని, ఎవరైనా అటు వస్తుంటే దగ్గుతూ చీర మార్చుకోవడం అలవాటు చేసుకుందావిడ. ఆ దగ్గు విన్నప్పుడల్లా టైలరమ్మ కాళ్ళు మిషను మీద ఆగిపోయేవి.

వానలు పట్టాయి. ఎవరి అనుమతీ తీసుకోకుండా మట్టిగుట్టలు రెండూ కరిగి గుంతలోకి జారాయి. ఎండలొచ్చేసరికి గుంత పూడిపోయి, నేల గట్టిపడి, వీధి మునుపటిలాగే చదునైంది. రేకు బోర్డు మెడదాకా కూరుకుపోయింది. టైలరమ్మ కొట్టు ముందు మళ్ళీ చెప్పులు కనిపించసాగాయి. అత్తగారికి కొత్త తలుపు చేయించాలని వడ్రంగిని కూడా పిలిపించింది.

వడ్రంగి కొలతలు తీసుకుంటుండగా వంతెన వచ్చింది. లారీల్లో వచ్చింది.

టైలరమ్మ పరుగెత్తుకెళ్ళింది. “సార్, గుంత లేదు సార్!”

“ఫైల్లో ఉంది” అన్నారు ఇంజనీరుగారు.

“నేల మీద లేదు సార్.”

“అది నేల చూసుకోవాలమ్మా. మా వైపు నుంచి అన్నీ సక్రమంగా ఉన్నాయి.”

చదును నేల మీద వంతెన లేచింది. ఇటు మెట్లు, అటు మెట్లు, మధ్యలో ఇనప కటకటాలు, పైన వార్డు సభ్యుడి బొమ్మ. వార్డు సభ్యుడు రిబ్బను కత్తిరించి, ముందుగా తనే ఎక్కి దిగి చూపించాడు. ఆ రోజునుంచి జనం ఎక్కడం, దిగడం మొదలుపెట్టారు. కూరగాయల సంచులతో ఎక్కారు. చంటిపిల్లలతో ఎక్కారు. వంతెన పక్కన బండి పట్టేంత నేల ఖాళీగా పడి ఉంది. అటువైపు చూసినవాళ్ళు లేరు.

మోకాళ్ళ నొప్పుల డ్రాయింగు మాష్టారు వంతెన మీద కటకటాలు పట్టుకొని ఆయాసపడుతుంటే టైలరమ్మ చూడలేకపోయింది.

“మాష్టారూ! ఎందుకండీ ఈ బాధ? దిగిపోయి కిందనుంచి రండి. చదునుగా ఉంది.”

“నువ్వు చెప్తే ఎలాగమ్మాయ్?” అన్నారాయన పైనుంచి. “ఇంత వంతెన ఊరికే కడతారా? కింద ఏదో ఉండే ఉంటుంది.”

“ఏమీ లేదండీ. నేను నడిచి చూపిస్తా ఉండండి.”

చెప్పులు విడిచి, కొంగు దోపుకొని బయలుదేరింది. వంతెన మీది వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగి, కటకటాల మీంచి వంగి చూశారు. సరిగ్గా గుంత ఉండిన చోటికి వచ్చేసరికి, ఇన్ని కళ్ళు మీదున్నందుకో ఏమో, ఆవిడకు కూడా అరికాలు జివ్వుమంది. ఆ కాలు నేలకు గట్టిగా మోపింది. నడిచింది. అవతలికి చేరి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచి చూపించింది.

పెళ్ళివారావిడ జాలిగా నాలిక చప్పరించింది.

“ధైర్యం చేసింది పాపం” అన్నారు మాష్టారు కళ్ళజోడు సర్దుకుంటూ. “ఒక్కతే కాబట్టి నేల ఆగింది. మనమందరం అలాగే నడిస్తే ఆగుతుందా?”

ఆగదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకొని, కటకటాలు మరింత గట్టిగా పట్టుకొని, ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు.