నీళ్ళు తాగిన కోటు

సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటూనే దేవరాజ్ ఆ రోజు పని నిర్ణయించుకున్నాడు. ఫ్యాక్టరీకి వెళ్ళాలి, ఒకడి ఉద్యోగం ఊడగొట్టించాలి. ఆ ఒకడు ఎవడో ఇంకా తెలియదు. తెలియకపోయినా కోపానికేం లోటు లేదు.

బొమ్మనహళ్ళిలోని ఆ కుట్టు ఫ్యాక్టరీ మంచు దేశాలకు కోట్లు కుట్టి పంపుతుంది. ప్రతి కోటునూ ఒక చెకర్ పరీక్షించి, తన నంబరూ తేదీ ఉన్న గుడ్డచీటీ లోపల కుట్టించాలి. దేవరాజ్ చెకర్లలో సీనియరు. పంతొమ్మిదేళ్ళుగా మంచులోకి వెళ్ళే కోట్లను తడిమి పంపుతున్నాడే తప్ప, మంచును ఎన్నడూ తాకిన పాపాన పోలేదు. చచ్చేలోగా ఒక్కసారి ఆ కోటు తొడుక్కుని మంచు మీద జారాలని అతని కోరిక. రెండేళ్ళు తపించి తపించి, మొన్న భార్య ఛాయాదేవితో జార్జియా టూరుకు వెళ్ళాడు. టూరులో స్కీయింగ్‌కు ఒకే ఒక్క రోజు.

ఆ రోజు కొండ బస్సు ఎక్కారు. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. అరగంటలో ఛాయాదేవికి తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ అయిపోయాయి. టీకి బస్సు ఆగగానే ఆమె సంచీలోంచి మడివాళ మార్కెట్లో కొన్న నిమ్మకాయలు తీసింది.

"అది కొత్త బండికి కదా చేసేది?" అన్నాడు దేవరాజ్.

"మనకిది కొత్తదే. నిమ్మకాయ తొక్కించకుండా ఈ లోయ మీద ఎట్ల పోయేది?"

చక్రాల కింద ఏదో దూరుస్తున్న ఆమెను చూసి, టైరుకేదో అయిందనుకుని డ్రైవరు బస్సు కిందికి దూరాడు. డ్రైవరే కింద పడుకున్నాడంటే బస్సు పని అయిపోయినట్టేనని ప్రయాణికులు పెట్టెలు దించుకున్నారు. భాష రాని దేవరాజ్, ఇది చేయకపోతే చస్తామని చెప్పడానికి లోయ చూపించి, మెడ మీద వేలితో గీత గీశాడు. డ్రైవరు దాన్ని బెదిరింపు అనుకుని పోలీసుకు ఫోను చేశాడు. పోలీసు వచ్చి, ఒక నిమ్మకాయ కోసి, వాసన చూసి వెళ్ళేసరికి గంటన్నర దాటింది.

పోయిన గంటన్నరలో కొంతైనా మలుపుల్లో రాబట్టాలని డ్రైవరు బస్సును ఉరికించాడు. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్న దేవరాజ్ కళ్ళద్దాలు జారిపడి, పక్కాయన బూటు కింద పొడైపోయాయి. అవి లేకపోతే దగ్గరి అక్షరం ఒక్కటీ కనపడదు.

పైకి చేరేసరికి వాన. ఉన్న కాస్త మంచూ కరిగి బురదైంది. జారేవాళ్ళను కొండ మీదికి మోసే లిఫ్టు గంట ముందే ఆపేశారట. అద్దె కోటు తొడుక్కుని దేవరాజ్ ఆ బురదలో నిలబడ్డాడు. ఎంత ఏడుపు వచ్చిందో అతనికే తెలుసు. అంతలో భుజం కుట్టులోంచి చల్లటి నీళ్ళు వీపు మీదికి జారాయి. వేళ్ళతో తడిమి చూశాడు. ఆ కాలరు మడత, ఆ జిప్పు కుట్టు తన చేతులకు బాగా తెలిసినవే. కోటు బొమ్మనహళ్ళిదే.

"నీ నిమ్మకాయలే కొంప ముంచినాయి, మొద్దుదానా" అని ముందు భార్య మీద పడ్డాడు, అందరూ చూస్తుండగానే. తర్వాత నెయిల్ కట్టరుతో చీటీ కత్తిరించి ఆమె చేతికిచ్చాడు. "నంబరెంతో చదువు."

ఆమె చీటీని చాలాసేపు చూసింది. "మొద్దుదానికి చదువెట్ల వస్తుంది? అద్దాలు వచ్చినాక మీరే చదువుకోండి" అని మడిచి ఇచ్చేసింది.

ఊరికి తిరిగొచ్చి ఆర్డరిచ్చిన కొత్త అద్దాలు సోమవారం సాయంత్రం ఇస్తామన్నారు షాపువాళ్ళు. అంతవరకు ఆగే కోపమా అది? ఫ్యాక్టరీలో అడుగు పెడుతూనే కుట్టు లైను ఆపించాడు. సూపర్వైజరు వెంకటగిరియప్ప ముందు, ఇరవై మంది చెకర్ల ముందు చీటీ ఎత్తి పట్టుకున్నాడు.

"దీన్ని పాసు చేసినోడు ఈ పొద్దే గేటు దాటాల సార్. ఎవురైనా సరే."

"తొందరపడొద్దప్పా. మెమో ఇస్తే చాలదా?" అన్నాడు వెంకటగిరియప్ప.

"చాలదు. నా బతుక్కి ఉండేది ఒక్క కోరిక. అది బురదలో పాయ."

మూలనున్న చెకర్ నర్సమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఆమెకు చూపు మందగించి రెండు మూడేళ్ళయింది. ఆ సంగతి తోటివాళ్ళు కడుపులో పెట్టుకుని కాపాడుతున్నారు. "నాదే అయ్యుంటుందన్నా. ఇద్దరు బిడ్డలుండారు. ఈ ఒక్కసారికి వదిలెయ్."

"నువ్వేడిస్తే కోటు ఆరుతుందా?" అన్నాడు దేవరాజ్. ఆ మాటకు తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు గాని, అనడం మాత్రం అన్నాడు.

వెంకటగిరియప్ప చీటీ తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "పదిహేడు" అన్నాడు.

అందరూ దేవరాజ్ మెడలోని బిళ్ళ వైపు చూశారు. దాని మీద ఉన్న నంబరు తెలియడానికి అతనికి అద్దాలు అక్కర్లేదు.

"తేదీ, రెండేళ్ళ కిందట ఆగస్టు తొమ్మిది" అని చదివాడు వెంకటగిరియప్ప.

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ పొద్దు అన్నకు పాస్‌పోర్టు వచ్చె. ఒక చేత్తో మైసూరు పాక్ పంచుతా, ఒక చేత్తో కోట్లు పాసు చేసినాడు" అంది, పాపం, మెచ్చుకోలుగానే.

దేవరాజ్ మెడలోని బిళ్ళను అరచేత్తో కప్పుకున్నాడు. "మెమో ఇస్తే చాలదా సార్?"

"చాలదని నువ్వే అంటివి కదప్పా."

బయటికొచ్చి భార్యకు ఫోను చేశాడు. "ఆ నంబరు నాదేనని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"చెప్పొచ్చు కదా."

"మొద్దుదాని మాట మీరింటారా?" అని ఆమె ఫోను పెట్టేసింది.

సాయంత్రం కొత్త అద్దాలు వచ్చాయి. వాటితో దేవరాజ్ మొదట చదివింది, విచారణ పూర్తయ్యేవరకు పనిలోకి రావద్దన్న ఫ్యాక్టరీ ఉత్తరమే. అక్షరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి.