గ్యాస్ మానిన అక్వేరియం

భాస్కరం చెయ్యి అక్వేరియంలో మోచేతిదాకా మునిగి ఉంది. వేళ్లు మాత్రం కనబడటం లేదు. నీళ్లు పెసరట్టు పిండిలా చిక్కబడ్డాయి.

గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. మొగల్తూరు బావమరిది పెదబాబు తొట్టె పట్టుకుపోవడానికి కాకినాడ వచ్చేశాడు.

ఒప్పందం భాస్కరం నోటి చలవే. నీటిమొక్కలకు గ్యాస్ అందించే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ హాల్లో ఉంటే, "బాంబు పక్కన కూర్చుని టీవీ చూడలేనండి" అని భార్య సీతారామలక్ష్మి తేల్చేసింది. గ్యాస్ మాన్పించేస్తాను, అందువల్ల తొట్టె పాడైతే నీ తమ్ముడికే ఇచ్చేస్తాను అని మాటిచ్చాడు. నెల్లాళ్లుగా గ్యాసూ, లైటూ కొంచెం కొంచెంగా తగ్గించాడు. గారాబం మొక్కలు పీకి మొండి మొక్కలు నాటాడు. ఈ ఆదివారం పొద్దున్నే సిలిండర్ సాగనంపి వంటింట్లో అమ్మ కలిపే కాఫీ తీరిగ్గా తాగాలనుకున్నాడు.

"వెలుతురెక్కువైతేనే నీళ్లిలా పచ్చబడతాయి. లైటు వేసి వదిలేసిందెవరు?" అన్నాడు భాస్కరం.

"అంటే నేనేగా మీ ఉద్దేశం. టీవీ మీద పడుతోందని ఆర్పేదే నేనైతే."

పెదబాబు వచ్చి తొట్టెలోకి చూసి మురిసిపోయాడు. "నీళ్లు భలే పండాయండి బావగారూ. మా చేపల చెరువులో ఈ రంగు రావాలంటే ఎరువు చల్లాలి."

భాస్కరం పనిచేసేది ఎరువుల ఫ్యాక్టరీ ఆఫీసులో. బీరువా మీది శాంపిల్ పొట్లం దించి చూశాడు. సగమే ఉంది.

"పోయినవారం వచ్చినప్పుడు ఇందులో వేసింది నువ్వేనా?"

"అబ్బే, నేను పిడికెడు తవుడు వేశానంతేనండి. చేపలు చిక్కిపోయాయని."

భాస్కరం భార్య వైపు తిరిగాడు. "అయితే నువ్వే. తొట్టె పోవాలని."

సీతారామలక్ష్మి వంటింటి వైపు చూసింది. మాట్లాడకపోతే నింద మిగులుతుంది. మాట్లాడితే తొట్టె మిగులుతుంది. ఆ పైన వంటింట్లో తన గతేమిటో చెప్పలేం. బక్కెట్టు తెచ్చి ముందు పెట్టింది.

మాట తప్పని భాస్కరం బక్కెట్టుతో నీళ్లు తోడటం మొదలుపెట్టాడు. సగం తగ్గేసరికి చేపలు చక్కగా తిరుగుతూ కనిపించాయి. మొండి మొక్క మొదలు దగ్గర లేత ఆకులు తొంగిచూస్తున్నాయి.

"గ్యాస్ లేకుండానే వేసింది చూడు" అన్నాడు నెమ్మదిగా. "పట్టు పెదబాబూ, ఎత్తుదాం."

ఆ గొంతు ఆమె ఓర్చుకోలేకపోయింది. "ఆటో పంపించెయ్యరా తమ్ముడూ. తప్పు గ్యాస్ మానడానిది కాదు."

"మరెవరిది?"

"మీ అమ్మగారిదండి. పాలు మాన్పించిన పిల్లకి అన్నం పెట్టొద్దా అని, ఆ పొట్లంలోంచి రోజూ ఓ చెంచాడు."