పసుపు నిక్కరు

ఆదివారం ఉదయం ఆరున్నరకు కుసునోకి తన తెల్ల నిక్కరు కోసం బాల్కనీలోకి వెళ్లి, దండెం మీద పసుపు నిక్కరును చూసి కొయ్యబారిపోయాడు. పక్కనే రెండో తరగతి చదివే కూతురి పసుపు బడిటోపీ ఏమీ ఎరగనట్టు ఆరుతోంది.

"చిజురూ! రెండూ కలిపి ఉతికావా?"

"కాస్త రంగు దిగిందండీ, అంతేగా. బురదలో దొర్లేదానికి ఏ రంగైతే ఏంటి?" అంది భార్య వంటింట్లోంచి.

ఏ రంగైతే ఏంటా! కుసునోకికి ఒళ్లు మండిపోయింది. నలభై దాటినవాళ్ల రగ్బీలో నిక్కరే వయసు పత్రం. నలభైల్లో తెలుపు, యాభైల్లో నీలం, అరవైల్లో ఎరుపు, డెబ్బైల్లో పసుపు. పసుపు నిక్కరును ఎవరూ పడగొట్టకూడదు. మర్యాదగా చేతులు చుట్టి ఆపాలి. కుసునోకికి నలభై ఆరే. కాకపోతే జుట్టు మాత్రం పదేళ్ల క్రితమే సెలవు తీసుకుంది.

పైగా ఇవాళ్టి ఆట ఏమన్నా మామూలు ఆటా! కాలేజీ జట్టులో నూట ముప్పై మంది ఉండేవారు. వాళ్లలో కుసునోకి నాలుగేళ్లూ బంతులు తుడిచాడు, నీళ్లు మోశాడు, గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నాడు. ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. అయినా ఆ జట్టు పేరు చూసే కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. "మన రగ్బీ వీరుడు" అని మేనేజరు పరిచయం చేసినప్పుడల్లా అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అసలైన ఆటగాడి చేతిలో అసలైన దెబ్బ తినాలి. ఇవాళ ఎదుటి జట్టులో, అప్పట్లో పోటీ కాలేజీకి ఆడిన ఇవాకురా ఉన్నాడు. ఆ రోజుల్లో అతను ఢీకొడితే చూసేవాళ్లు కూడా కళ్లు మూసుకునేవారు.

ఆట తొమ్మిదింటికి. దుకాణాలు పదింటికి గానీ తెరవరు. కుసునోకి ఆ పసుపు నిక్కరుతోనే యోదో నది ఒడ్డునున్న మైదానానికి చేరి, కెప్టెన్ ఒనోదెరాను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఇంట్లో పొరపాటు జరిగింది. రిఫరీకి చెప్పేద్దాం."

ఒనోదెరా నిక్కరును ఎగాదిగా చూశాడు. అతని కళ్లు మెరిశాయి. "చెప్పకు."

"అన్నా, ఇది మోసం!"

"ఏరా, నాకే ఎదురు చెప్పేంతవాడివయ్యావా? నోరు మూసుకుని పరుగెత్తు."

కాలేజీలో రెండేళ్లు పెద్దవాడంటే కాటికి పోయేదాకా పెద్దవాడే. కుసునోకి పళ్లు నూరుకుంటూ నోరు మూసుకున్నాడు.

మొదటి బంతి అందగానే నేరుగా ఇవాకురా మీదికి దూసుకెళ్లాడు. ఇవాకురా పక్కకు తప్పుకుని నడుము వంచి నమస్కరించాడు. "రండి తాతగారూ, నిదానంగా."

కుసునోకి గీత దాటి బంతిని నేలకు ఆనించాడు, పాయింట్లు వచ్చాయి. రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. అంతకంటే చెంపదెబ్బ నయం. రెండోసారి బంతి పట్టుకుంటే, ఎదుటివాళ్లు ఇద్దరు అతని పక్కనే పరుగెత్తుతూ "అక్కడ జారుతుంది, చూసుకోండి" అని దారి చెప్పారు.

"నాకు నలభై ఆరు! పడగొట్టండ్రా!" అని అరిచాడు కుసునోకి.

"మా మామగారూ ఇంతే, ఈ వయసులో పెళ్లి కావాలంటారు," అన్నాడు వాళ్లలో ఒకడు జాలిగా.

విరామంలో ఎదుటివాళ్లు అతనికి మడత కుర్చీ వేశారు, వేడి బార్లీ టీ ఇచ్చారు, మోకాళ్ల మీద దుప్పటి కప్పారు. కుసునోకి కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. "ఆవేశపడకండి, బీపీ పెరుగుతుంది," అంటూ ఇవాకురా కుర్చీని నిలబెట్టాడు.

మూడోసారి ఇవాకురా మళ్లీ తప్పుకోగానే కుసునోకి ఆగి, వెనక్కి తిరిగి, అతని పొట్టలోకి తలతో దూసుకెళ్లాడు. ముప్పై ఏళ్ల అలవాటు ఇవాకురా బుర్రకంటే ముందు మేలుకుంది. మరుక్షణం కుసునోకి గాల్లో ఉన్నాడు, ఆపైన బురదలో ఉన్నాడు. ఊపిరి అందలేదు. పక్కటెముకలు భగ్గుమన్నాయి. అతని జన్మలో అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

ఇంతలో ఈల మోగింది. "పెద్దమనిషిని పడగొడతావా? సిగ్గులేదూ!" అంటూ రిఫరీ ఇవాకురాకు ఎర్ర కార్డు చూపించాడు. ఇవాకురా మోకాళ్ల మీద కూలబడి నుదురు బురదకు ఆనించాడు. "తప్పయింది తాతగారూ. ఇక జన్మలో మైదానం తొక్కను."

"లేవకు. అలాగే మూలుగుతూ ఉండు," అని ఒనోదెరా వచ్చి కుసునోకి చెవిలో గుసగుసలాడాడు.

"మూలగను!"

"ఏంటన్నావ్?"

"మూలగనన్నా! రెండేళ్లు నీ బూట్లు తుడిచాను, ఒక్క మాటన్నానా? ఇన్నేళ్లకు ఒక్క మంచి దెబ్బ తింటే దాన్నీ తప్పంటారా? ఇది నా దెబ్బ!"

కుసునోకి కుంటుతూ వెళ్లి సంచిలోంచి డ్రైవింగ్ లైసెన్సు తెచ్చాడు. రిఫరీ పుట్టిన తేదీని మూడుసార్లు చదివాడు. ఇవాకురాను ఆటలోకి పిలిచి, అదే కార్డు కుసునోకికి చూపించి, అతను సాధించిన పాయింట్లన్నీ కొట్టేశాడు.

"నలభై ఆరేనా? ముందే తెలిస్తే ఇంకాస్త గట్టిగా కొట్టేవాణ్ణి," అన్నాడు ఇవాకురా నొచ్చుకుంటూ.

"కొట్టాల్సింది!" అని కసిరాడు కుసునోకి.

వారం తర్వాత రగ్బీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వయసుకు మించిన నిక్కరు ధరించిన 'రగ్బీ ఆటగాడు కుసునోకి'కి ఏడాది నిషేధం. ఆటగాడు! సంతకం, ముద్ర సహా! అతను ఆ సాయంత్రమే దానికి ఫ్రేము కట్టించాడు. పది రోజుల్లోగా అభ్యంతరం తెలిపితే ఈ ఉత్తరం రద్దు కావచ్చునన్న చివరి వాక్యాన్ని మాత్రం, అద్దంలోంచి కనబడకుండా, లోపలికి మడిపించాడు.